సుద్దాల హనుమంతు

సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలపు ప్రజాకవి, గాయకుడు. పూర్వపు నల్గొండ జిల్లా పాలడుగులో జన్మించి సుద్దాలలో స్థిరపడ్డాడు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

నిజాం పాలనలోని వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ సందేశాన్ని చదువురాని జనానికి చేర్చవలసి వచ్చినపుడు ఆయన కొత్త కళను వెదకలేదు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి పల్లె కళారూపాల బాణీని, హాస్యాన్ని అలాగే ఉంచి వస్తువును మాత్రం మార్చాడు. గొల్లసుద్దుల్లో కథకుని మాటకు వంతలు అడ్డుతగులుతారు. దొరల దౌర్జన్యాన్ని నవ్వుతూ నిలదీయడానికి ఇంతకంటె అనువైన రూపం లేదు. "వీర తెలంగాణ" ఆయన యక్షగానం. పశువులు కాసే జీతగాడైన బాలునిపై రాసిన "పల్లెటూరి పిల్లగాడా" పాట గౌతమ్ ఘోష్ దర్శకత్వంలోని మాభూమి (1979) చిత్రం ద్వారా, రచయిత పేరు ఎరుగనివారికి కూడా చేరింది.

1982లో మరణించాడు. సినీ గేయ రచయిత సుద్దాల అశోక్ తేజ ఈయన కుమారుడు.