చార్లెస్ కెటరింగు

మోటారుకారు ఇంజను తనంతట తాను కదలజాలదు. మొదట వెలుపలి బలమేదైనను దానిని త్రిప్పవలెను. అప్పుడే అందు పెట్రోలు మండి పని సాగును. నేడు మీట నొక్కినంతనే బ్యాటరీతో నడచు చిన్న మోటారు ఆ పని చేయుచున్నది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానిని మనిషి చేయియే చేసెడిది. కారు ముందు నిలిచి ఇనుప హ్యాండిలును బలముగా త్రిప్పవలసియుండెను. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విరిగెడిది. గేరు తీయుట మరచి త్రిప్పినచో కారు త్రిప్పినవాని మీదికే వచ్చెడిది. ఈ బాధను తొలగించిన చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగు చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

కెటరింగు 1876వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ గ్రామ సమీపమున, ఒక రైతు కుటుంబములో జన్మించెను. బాల్యము నుండియు ఆయన చూపు మందము. కొంతసేపు చదివినంతనే తలనొప్పి బాధించెడిది. ఉన్నత పాఠశాల చదువు ముగించి కొంతకాలము పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పిదప ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను గాని, కన్నుల బాధచే చదువు మానుకొనవలసివచ్చెను. అంతట ఆయన నిరాశ చెందక, టెలిఫోను తీగలు వేయు కూలీల జట్టుకు మేస్త్రీగా కుదిరి, గుంటలు త్రవ్వించి స్తంభములు నాటించెను. విద్యుత్తు మర్మములు ఆయనకు ఆ పనిలోనే ఎక్కువగా తెలిసినవి. కన్నులు కొంత కుదుటపడిన పిమ్మట తిరిగి కళాశాలకు పోయెను. సహాధ్యాయులు పాఠములు చదివి వినిపింపగా విని నేర్చుకొని, 1904లో, 28వ యేట, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టమును పొందెను.

అటుపిమ్మట డేటన్ నగరమున దుకాణములలో డబ్బు లెక్కించు యంత్రములను తయారుచేయు నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో చేరెను. ఆ యంత్రమును అంతవరకు చేతితో త్రిప్పెడివారు. కెటరింగు దానికి విద్యుత్ మోటారు నమర్చెను. ఆ సొరుగు తెరచుటకు బలము క్షణకాలము మాత్రమే కావలెను. కావున దినమంతయు నడువగల పెద్ద మోటారు అక్కరలేదనియు, చిన్న మోటారే ఆ క్షణమున మిక్కిలి బలము చూపినచో చాలుననియు ఆయన గ్రహించెను. ఎంత బలము కావలెననుట ఒక ప్రశ్న. ఎంతసేపు కావలెననుట మరియొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నయే ఆయనకు కీర్తి తెచ్చినది.

1909లో ఎడ్వర్డ్ డీడ్స్ అను మిత్రునితో కలసి డెల్కో అను సంస్థను స్థాపించెను. డీడ్స్ ఇంటి వెనుకనున్న కొట్టమే వారి తొలి పనిశాల. ఆ కాలమున కాడిలాక్ కార్ల కంపెనీకి హెన్రీ లీలండ్ అధిపతి. ఆయన మిత్రుడు బైరన్ కార్టర్, ఆగిపోయిన ఒక కారును త్రిప్పబోయి హ్యాండిలు దెబ్బ తిని, 1908లో మరణించెనని చెప్పుదురు. అందుచే హ్యాండిలు అక్కరలేని కారు కావలెనని లీలండ్ పట్టుపట్టెను. ఇంజనును త్రిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దది కావలెనని నిపుణులు తలచిరి. కెటరింగు మాత్రము డబ్బుయంత్రపు పాఠమును మరువలేదు. ఇంజను అందుకొనువరకు కొన్ని క్షణములు త్రిప్పినచో చాలును గదా! 1911లో ఆయన పరికరము సిద్ధమయ్యెను. ఇంజను నడచునప్పుడు ఆ మోటారే విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపెడిది. దీపములును ఆ విద్యుత్తుతోనే వెలిగెడివి. 1912 నాటి కాడిలాక్ కార్లన్నియు ఈ ఏర్పాటుతో వెలువడినవి. కండబలము లేని స్త్రీలును, వృద్ధులును పరుల సాయము లేక కారు నడుపగలిగిరి.

1920 నుండి 1947 వరకు ఆయన జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు అధిపతిగా నుండెను. రైళ్లను లాగు డీజిలు ఇంజన్లు అక్కడ వృద్ధిపొందినవి. 1945లో న్యూయార్కున క్యాన్సరు పరిశోధనకై స్లోన్-కెటరింగు సంస్థ ఏర్పడినది. ఆయన పేర 180కి పైగా పేటెంట్లు కలవు. 1958 నవంబరు 25వ తేదీన డేటన్‌లో పరమపదించెను.

మహనీయుల చరిత్ర వ్రాయునపుడు మచ్చను దాచరాదు. పెట్రోలులో సీసమును కలుపు పద్ధతిని 1921లో కెటరింగు క్రింద పనిచేయు థామస్ మిడ్జ్‌లీ కనుగొనెను. ఇంజను టకటక తగ్గినది గాని సీసము విషము. 1924లో దానిని తయారుచేయుచోట్ల పలువురు కార్మికులు మరణించిరి. అయినను కెటరింగు దానిని సమర్థించెను. ఆ విషము దశాబ్దముల పాటు బిడ్డల రక్తములో చేరినది. మన దేశమున 2000లోను, లోకమున చిట్టచివరగా అల్జీరియాలో 2021లోను కార్లకు ఆ పెట్రోలు అమ్మకము నిలిచిపోయినది.

మన హోసూరు ప్రాంతమున వాహనములు తయారుచేయు కర్మాగారములు కలవు. కావున ఒక మాట చెప్పక తప్పదు. గేర్లు చేతితో మార్చు పాత కార్లకు నేడు కొందరు మీట స్టార్టును, దూరము నుండియే ఇంజనును నడిపించు రిమోటును అమర్చుకొనుచున్నారు. గేరు వేసియున్న కారులో స్టార్టరు తిరిగినచో ఇంజనుతో పాటు చక్రములును తిరుగును. అందుకే క్లచ్ త్రొక్కనిదే విద్యుత్తు పారకుండ ఒక స్విచ్చి ఉంచెదరు. రిమోటు నొక్కువేళ క్లచ్‌పై కాలే యుండదు. వాలునేలపై గేరు వేసి నిలుపుట చాలమందికి అలవాటు. గేరు న్యూట్రల్‌లో నున్నదనియు, చేతిబ్రేకు బిగిసియున్నదనియు పరికరమే కనిపెట్టు ఏర్పాటు లేనిచో, కారు ఎదుటి గోడకో, ఆడుకొను బిడ్డకో తగులవచ్చును. పని సులువగునని ఆ స్విచ్చి తీగను కలిపివేయుట కడు ప్రమాదము.

విద్యార్థులారా! చేతితో త్రిప్పిననాడు మనిషి తన ప్రాణభయముచే గేరును చూచుకొనెడివాడు. మీట వచ్చి ఆ భయమును తీసివేసినది గాని ఆ జాగ్రత్తను తీసివేయరాదు. కన్నులు మందమైనను చదువు విడువని పట్టుదలను కెటరింగు నుండి నేర్చుకొనుడు. ఏ సౌకర్యమునకైనను వెల ఎవరు చెల్లించుచున్నారో చూచు అలవాటును, ఆయన పొరపాటు నుండి నేర్చుకొనుడు. ఈ రెండును కలిగినవాడే నిజమైన శాస్త్రజ్ఞుడని మేము తలంచుచున్నాము.