డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం వెలిసిన విక్టోరియా ఆసుపత్రి వెనుక ఒక స్కాట్లండ్ డాక్టరు జీవితం ఉంది. 1875లో పుట్టిన ఇసబెల్ కెర్ 1903లో అబర్డీన్‌లో వైద్యపట్టా తీసుకున్నారు. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు.

కుష్ఠు పూర్వజన్మ పాపమని నమ్మిన సమాజం రోగిని ఊరి బయటికి నెట్టేది. మాల మాదిగలను వెలివాడల్లో ఉంచడానికి చెప్పిందీ ఆ కర్మ సాకే. ఇసబెల్ మాత్రం కుష్ఠును ఒక జబ్బుగానే చూశారు. స్థానిక సంపన్నుడు రాజా నర్సాగౌడ్ విరాళంతో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి మొదలైంది. క్రైస్తవ మిషన్ నడిపే ఆసుపత్రికి ధనమిచ్చినవాడు హిందువు. 1920లలో అక్కడ హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు ఇచ్చారు. లక్షణాలు తగ్గినవారిని ఇళ్లకు పంపారు. రోగిని చచ్చేదాకా దాచే చోటుగా ఆసుపత్రి మిగలకూడదన్నది ఆమె పట్టుదల. 1923లో కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో మరణించేదాకా ఆమె ఆ పని వదల్లేదు.

కుష్ఠు ఉంటే విడాకులు ఇవ్వొచ్చన్న నిబంధన మన వివాహ చట్టాల నుంచి పోయింది మాత్రం 2019లోనే. రోగానికి మందు దొరికాక కూడా వెలి దానంతట అది పోదు. హక్కుగా అడిగి సాధించుకోవాల్సిందే.