బండిని విప్పి చూసిన మన జి.డి. నాయుడు

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద 2025లో ప్రారంభమైన పొడవైన పైవంతెనకు జి.డి. నాయుడు గారి పేరు పెట్టారు. రోజూ వేల మంది ఆ వంతెన మీదుగా వెళుతున్నారు. అంతకుముందు నుంచే ఆయన పేరిట ఆ రోడ్డులో మ్యూజియం ఉంది. ఇంత పేరున్నా, ఆయన చదివింది కొద్దిపాటి బడి చదువేనని, మెకానిక్ పని ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా తానే నేర్చుకున్నారని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన కుటుంబాల నుంచి వచ్చిన మనిషి ఆయన. అందుకే వారి జీవితాన్ని మరొక్కసారి గుర్తు చేసుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. ఆ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నాయుళ్ళ ఇళ్ళన్నీ అప్పట్లో బావి, ఎద్దులు, పత్తి చేనును నమ్ముకుని బతికినవే. దొరైస్వామికి పసితనంలోనే తల్లి పోయింది. బడి ఒంటబట్టలేదు. పంతులు కళ్ళలో ఇసుక చల్లి పారిపోయాడన్న కథను కోవైలో పెద్దలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. చివరికి పొలం పనికి పంపించారు. ఇక వీడు ఎందుకూ పనికిరాడని ఊళ్ళో అనుకుని ఉంటే అందులో వింతేమీ లేదు.

ఆయన బతుకును మలుపు తిప్పింది ఒక మోటారు సైకిల్. ఒక ఇంగ్లీషు అధికారి ఆ బండి మీద ఊరి వైపు వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, అయినా బండి తనంతట తాను కదిలింది. పల్లెటూరి కుర్రవాడికి అది పెద్ద వింత. వింతను చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు ఊరినిండా ఉంటారు. అది ఎందుకు కదులుతోంది, లోపల ఏముంది అని నిద్ర పట్టనివాళ్ళు ఏ ఒక్కరో. దొరైస్వామికి ఆ బండి కావాలనిపించింది, అదీ ఎక్కి తిరగడానికి కాదు, విప్పి చూడడానికి.

చేతిలో డబ్బు లేదు. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. ఎంగిలి ఆకులు తీస్తూ, కాఫీలు అందిస్తూ పైసా పైసా కూడబెట్టి, చివరకు 300 రూపాయలకు ఆ మోటారు సైకిల్‌నే కొన్నారు. అది రడ్జ్ కంపెనీ బండి. 300 రూపాయలంటే ఆ రోజుల్లో చిన్న మాట కాదు. అంత సొమ్ము పోసి కొన్న బండిని ఆయన ముందుగా చేసిన పని, మర మర విప్పి నేల మీద పరచడం. మళ్ళీ బిగించడం, మళ్ళీ విప్పడం. ఏ భాగం దేనికి ఆనుకుని ఉంది, దేన్ని తీస్తే ఏది ఆగుతుంది అన్నది ఆయనకు పుస్తకం చెప్పలేదు, చేతులే చెప్పాయి. అలా ఆయన మెకానిక్ అయ్యారు.

ఈ ఘట్టం దగ్గర మనం కాస్త ఆగాలి. బండిని విప్పడం ఎవరైనా చేస్తారు. తిరిగి బిగించాక అది మునుపటిలా నడవడంలో ఉంది విద్య అంతా. ఒక వాషరు మిగిలిపోయినా, ఒక తీగ తప్పు చోట తగిలినా ఇంజను మొండికేస్తుంది. విప్పేటప్పుడే ఏది ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో గుర్తుంచుకోవాలి. ఇంట్లో కూర్చుని టేబులు ఫ్యానో, మిక్సీయో బాగుచేసుకునే వారందరికీ ఈ సంగతి తెలుసు. నాయుడు గారి జీవితమంతా ఈ ఓపిక కనిపిస్తుంది.

తరువాత పత్తి వ్యాపారంలో దిగారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బాగా సంపాదించారు. బొంబాయి పత్తి బజారుకు వెళ్ళి ఆ సంపాదనంతా పోగొట్టుకున్నారు. తెలియని జూదం కంటే తెలిసిన యంత్రమే మేలని తిరిగి వచ్చారు. కోయంబత్తూరులో పేరున్న వర్తకుడు రాబర్ట్ స్టేన్స్ సాయంతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. బస్సులంటే కొంగునాడులో వేళకు వచ్చే బస్సులని పేరు పడింది.

బస్సులు పెరిగినా ఆయన మనసు వర్క్‌షాపులోనే ఉండేది. టికెట్లు ఇచ్చే యంత్రం చేశారు. పండ్ల రసం తీసే యంత్రం, ఫిల్మ్ కెమెరాలో దూరాన్ని సరిచూసే సాధనం, అతి పలుచని షేవింగ్ బ్లేడు చేశారు. కరెంటు లేని ఇళ్ళ కోసం కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి తావులేకుండా ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. జర్మనీ వెళ్ళినప్పుడు డ్రై సెల్‌తో నడిచే చిన్న మోటారు అమర్చిన గడ్డం గీసుకునే రేజరు రూపొందించారు. రాసంత్ అనే పేరుతో అది అక్కడ తయారైంది. ఈ జాబితాను గమనిస్తే ఒకటి తెలుస్తుంది. వీటిలో ఆకాశంలోంచి ఊడిపడ్డది ఏదీ లేదు. అన్నీ ఇంట్లో, వీధిలో, బస్సులో రోజూ మనిషికి అడ్డుపడే చిన్న చిన్న ఇబ్బందులు తీర్చేవే.

వీటన్నిటిలో మన ప్రాంతపు రైతుకు దగ్గరైనది ఎలక్ట్రిక్ మోటారు. కోయంబత్తూరు నేలలో బావులు లోతు. ఎద్దులతో మోట తోలి నీళ్ళు పైకి తేవడం ఎంత కష్టమో మన తాతలకు తెలుసు. 1930లలో నీలగిరిలోని పైకారా నుంచి కరెంటు వచ్చింది. కరెంటు ఉంది గానీ మోటారు విదేశాల నుంచి రావాలి. 1937లో నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి మన దేశంలోనే మోటారు తయారుచేసి చూపించారు. దేశంలో తయారైన మొదటి మోటారుగా దానికి పేరు వచ్చింది. ఇవాళ దేశంలో ఎక్కడ పంపుసెట్ చూసినా దాని మీద కోయంబత్తూరు పేరు ఉండే అవకాశం ఎక్కువ.

ఆయన తపనంతా మామూలు మనిషి కొనగలిగే ధర మీద. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశారు. దాని ధర 2000 రూపాయలు. కానీ ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు తయారీ అక్కడితో ఆగిపోయింది. చేయగల చేతులు ఉండి, కొనే జనం ఉండి, మధ్యలో ఒక కాగితం లేక ఆగిపోయిన పని అది. మాలో చాలామంది ఆఫీసుల్లో ఫైళ్ళు కదిలించి రిటైరైన వాళ్ళమే. అటువంటి ఒక కాగితం బల్ల మీద ఆగితే అవతల ఏమి ఆగిపోతుందో ఈ కథ చదివినప్పుడల్లా మాకు గుర్తుకొస్తుంది.

చదువు విషయంలోనూ ఆయన దారి వేరు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్‌ను, ఇంజనీరింగ్ కాలేజీని స్థాపించడంలో ముందు నిలిచారు. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఇంజనీరు కావడానికి నాలుగేళ్ళు దండగ, పని చేయిస్తూ నేర్పితే రెండేళ్ళు చాలన్నది ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ప్రిన్సిపాల్ పదవి వదులుకున్నారు. ఆయన మాటే పూర్తిగా సరి అని మేము అనడం లేదు. లెక్కలు, సిద్ధాంతం నేర్వడానికి సమయం పడుతుంది. కానీ డిగ్రీ చేతిలో ఉండి స్క్రూడ్రైవర్ పట్టడం రాని పిల్లలను చూస్తున్నప్పుడు, ఆయన పట్టుదలలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోక తప్పదు.

సేద్యంలోనూ పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ అంతటి శాస్త్రవేత్త ఆయన తోటకు వచ్చి చూసి మెచ్చుకున్నారు. కెమెరా అంటే ఆయనకు మహా ఇష్టం. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో తీశారు. గాంధీజీ, నెహ్రూ వంటి నాయకులనూ చిత్రీకరించారు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ఆ తరువాత కూడా ఆయనకు ఆసరా అయింది తన వర్క్‌షాపే. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఆయనను మనవాడని చెప్పుకోవడం తేలిక. వంతెనకు పేరు పెట్టినప్పుడు పేరు చివరనున్న నాయుడు అన్న మాట గురించి కూడా చర్చ జరిగింది. ఆ మాట మీద వాదులాడుకునే కంటే, ఆ మనిషి చేసిన పనిని అందుకోవడం మేలని మాకు అనిపిస్తుంది. కోవైలో స్థిరపడిన తెలుగువారిలో కొత్త తరానికి తెలుగు చదవడం రాదు, చేతిపనీ రాదు. రెండూ ఒకేసారి జారిపోతున్నాయి. స్పానరు, బోల్టు, వాషరు అని తండ్రి కొడుక్కి ఇంట్లో చెప్పే మాటల్లోనే భాష కూడా కలిసి నడిచేది. ఆ బల్ల దగ్గర ఇద్దరూ కూర్చోవడం మానేశాక మాటలూ తగ్గాయి.

అందుకని సంఘం తరపున ఒక చిన్న మనవి. ఈసారి ఇంట్లో ఫ్యాను ఆగితే పాత ఇనుప సామాన్ల వాడికి వేసేముందు ఒక ఆదివారం దాన్ని పిల్లల ముందు విప్పండి. ముందు ప్లగ్గు తీసేయండి. ఒక పాత చీర పరిచి, విప్పిన మరలను వరుసగా పెట్టించండి. ఏది దేనికో తెలుగులోనే చెప్పండి. ఫ్యాను తిరిగితే మంచిదే. తిరగకపోయినా నష్టం లేదు, అది ఎలాగూ పాత ఇనుములోకి పోయేదే. కలంగల్ కుర్రవాడు కూడా మొదటి రోజు ఇలాగే విప్పిన మరల మధ్య కూర్చుని మొదలుపెట్టాడు.