ఔషధాన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

తెలుగునేల ప్రపంచ వైద్యరంగానికి అందించిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది.

అనంతరం మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. ఆయుర్వేద ఔషధాల ప్రభావం ఆయనను ఆకర్షించింది. అయితే మందు పనిచేస్తున్నదన్న నమ్మకం ఒక్కటే ఆయనకు చాలలేదు. ఎందుకు పనిచేస్తున్నదో ప్రయోగపూర్వకంగా తెలుసుకోవాలని తపించారు.

ఆ జిజ్ఞాసతోనే 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఎముకల వ్యాధుల నిర్ధారణకు అది ఎంతో ఉపకరించింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌, ఏ.టి.పి. పదార్థాలను వారు వెలికితీశారు. 1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం బోదవ్యాధికి హెట్రజాన్ అనే మందును రూపొందించింది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి ఆ ఆమ్లమే ఔషధమైంది.

1948 ఆగస్టులో ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. స్వీయదుఃఖాన్ని లోకహితంగా మలచిన ధన్యజీవి సుబ్బారావు.