ఆలయానికి వెచ్చించిన ప్రతి మొహరీకి లెక్క చెప్పిన తహశీల్దారు కంచర్ల గోపన్న

భద్రాచల శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయ నిర్మాతగా, దాశరథీ శతకకర్తగా తెలుగు ప్రజలకు చిరపరిచితులైన భక్త రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో, నేటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు ఆయన జన్మించారు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672-1687) కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వారి ప్రాపకంతో గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నియమితులయ్యారు. శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు జమకట్టడం ఆ ఉద్యోగ ధర్మం.

గోదావరి తీరాన దట్టమైన అడవి నడుమ భద్రగిరిపై వెలసిన మూర్తులను అప్పటికే పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు పందిరి వేసి, తాటిపండ్లు నివేదించి సేవిస్తున్నట్లు స్థలపురాణం చెబుతున్నది. ఆ పందిరి స్థానంలో రాతి ఆలయం నిర్మించాలని గోపన్న సంకల్పించారు. తొలుత విరాళాలు సేకరించారు. అవి చాలకపోవడంతో వసూలైన శిస్తు నుండి ఆరు లక్షల వరహాలు వెచ్చించారన్నది ప్రచారంలో ఉన్న కథనం. పంట చేతికి రాగానే ఆ లోటు పూడ్చుతామని రైతులు మాట ఇచ్చారని కూడా చెబుతారు. ఏది ఏమైనా, ప్రభువు అనుమతి మాత్రం లేదు. ఖజానాకు చేరవలసిన సొమ్ము, దేవుని సొమ్ము ఒకే అధికారి చేతిలో కలిసిపోవడమే ఆయన కష్టాలకు మూలమని చెప్పక తప్పదు.

తానీషా ఆజ్ఞతో గోపన్న సుమారు 12 సంవత్సరాలు గోల్కొండ కోటలో కారాగారవాసం అనుభవించారు. అక్కడ ఆలపించినవిగా ప్రసిద్ధమైన కీర్తనల్లో ఒకటి అచ్చంగా జమాఖర్చుల పట్టికను తలపిస్తుంది. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, భరతునికి పచ్చల పతకం, ఆలయ ప్రాకారాలు, వాటికి పట్టిన మొహరీలు అన్నీ అందులో ఉన్నాయి. సొంతానికి వాడుకున్నది ఏదీ లేదని స్వామికి నివేదించిన లెక్క అది. పద్దు చెప్పిన తీరులో రెవెన్యూ ఉద్యోగి స్పష్టంగా కనిపిస్తారు.

రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకు పైకం చెల్లించి, రసీదు పొంది, దానిని చెరసాలలో గోపన్న చెంత ఉంచారని ఐతిహ్యం. భక్తుల కథలో సైతం బాకీ మాఫీ కాలేదు. చెల్లింపు జరిగింది, రసీదు పుట్టింది. అనంతరం శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా కాలంలో ప్రారంభమైందని ప్రతీతి. ఆసఫ్‌జాహీల పాలనలో కొనసాగిన ఈ సంప్రదాయాన్ని ప్రజాప్రభుత్వాలు కూడా పాటిస్తూ వస్తున్నాయి.

19వ శతాబ్దంలో గుంటూరు ప్రాంతీయులైన తూము నరసింహదాసు ఆలయ నిర్వహణ చేపట్టి నిత్యోత్సవాలను పునరుద్ధరించారు. ప్రస్తుతం 1987 నాటి దేవాదాయ చట్టం పరిధిలో కార్యనిర్వహణాధికారి ఆలయ ఆదాయ వ్యయాలను పర్యవేక్షిస్తారు. 2014 విభజనతో మరొక చిక్కు ఏర్పడింది. ఆలయం తెలంగాణలో ఉండగా, దానికి చెందిన దాదాపు 900 ఎకరాల పురుషోత్తపట్నం భూములు ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక మండలానికి చేరాయి. ఆక్రమణల నుండి వాటిని కాపాడుకోవడానికి భద్రాచలం అధికారులు పొరుగు రాష్ట్ర యంత్రాంగం సహకారం కోరవలసి వస్తున్నది.