డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్వాంసుని కృషికి కొలత యేది? రచించిన వ్యాసముల సంఖ్యయా? లేక తరువాతివారు ఆ వ్యాసములను ఎన్నిమారులు పేర్కొనిరను లెక్కయా? ఈ లెక్కకు ఒకచో మిక్కిలిగ జిక్కియు, మఱియొకచో బొత్తిగ జిక్కకయు నుండిన మహనీయు డొకరు మన యాంధ్రదేశమున జన్మించిరి. వారి చరిత్రమును సంగ్రహముగ పాఠకమహాశయుల కర్పించుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. పిన్నవయసుననే పితృవియోగము గలిగెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున కృతార్థులైరి. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. సోదరుని మరణమునకు గారణమైన స్ప్రూ వ్యాధి వారి హృదయమున మానని గాయమును మిగిల్చెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి ప్రోత్సాహముతోను, మామగారి ద్రవ్యసహాయముతోను 1922 అక్టోబరులో బోస్టను నగరము జేరిరి. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకులుగ బనిచేసి పొట్టపోసికొనుచు హార్వర్డున విద్య నభ్యసించిరి.

1925వ సంవత్సరమున సైరస్ ఫిస్కే పండితునితో గలిసి వారు రక్తమూత్రాదులలోని భాస్వరమును గొలుచు పద్ధతిని ప్రకటించిరి. భాస్వరామ్లము మాలిబ్డిక్ ఆమ్లముతో గలిసి, తగిన క్షయకరణద్రవ్యము జేర్చినంతనే నీలవర్ణము నొందును. ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరము పరిమాణము దెలియును. పద్ధతి సులభము, ఫలితము నిక్కము. కావుననే లోకమందలి జీవరసాయనశాల లన్నియు దాని నవలంబించినవి. ఏ వ్యాసమును ఎవరెన్నిమారులు పేర్కొనిరో లెక్కించు సూచికలు 1960వ దశాబ్దమున వెలువడినపుడు, ఈ వ్యాసము మిక్కిలిగ నుదాహరింపబడిన శాస్త్రవ్యాసములలో నొకటిగ గానవచ్చెను. వేలకొలది పరిశోధకులు ఫిస్కే, సుబ్బారావుల నామములను జంటగ వ్రాసిరి.

ఆ పద్ధతియే వారికి క్రొత్త ద్వారము దెఱచెను. కండరసారమునందు నీలిరంగు రావలసినంత వేగముగ రాకుండుట గమనించి, కారణ మన్వేషింప, 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయల్పడెను. 1929లో ప్రాణులకు శక్తి నొసగు ఏ.టి.పి. అను పదార్థమును వెలికిదీసిరి. అదే వత్సరమున జర్మనీదేశమున లోహ్మన్ పండితుడును దానిని స్వతంత్రముగ గనుగొనెను.

ఇంత జేసినను హార్వర్డున వారికి స్థిరోద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధశాలకు బోయిరి. అచ్చట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ సిద్ధమయ్యెను. బోదకాలునకు మూలమగు క్రిములను నశింపజేయు హెట్రజాన్ వెలువడెను. అచ్చటనే తయారైన అమినాప్టెరిన్ ఔషధముతో ఫార్బర్ వైద్యుడు రక్తపుకేన్సరు సోకిన శిశువులకు తాత్కాలికోపశమనము గూర్చి, 1948లో దానిని ప్రకటించెను. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావుగారి పేరు లేదు. అదే వత్సరము ఆగస్టులో, తమ 53వ యేట, నిద్రలోనే వారు పరమపదించిరి.

ఇచ్చట మే మొక్క మాట విన్నవింపక తప్పదు. 1988లో నోబెల్ బహుమాన మందిన హిచింగ్సు పండితుడు పూర్వము ఫిస్కేయొద్ద బనిచేసినవాడు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను గుఱించి ఫిస్కే ప్రకటింపమిచే, వానిని పెక్కువత్సరములకు పిదప ఇతరులు మరల గనుగొనవలసివచ్చెనని యాతడు సాక్ష్య మిచ్చెను. ప్రకటింపబడని పని యెంత గొప్పదైనను ఏ లెక్కకును జిక్కదు. దానివలన నష్టము వారి కీర్తికి మాత్రమే గాదు. శాస్త్రమునకును, రోగులకును గూడ నష్టమే. అటులే, ఏ.టి.పి.ని గుఱించి చదువు బాలు రెందఱో దానిని గనుగొన్నవారి పేరెఱుగరు.

కావున లెక్కలను మేము తృణీకరింపము. అవియే సర్వస్వమనియు నమ్మము. పరిశోధకులగు మన యువకులు తమ కృషిని జాగు సేయక ప్రకటింతురుగాక. తోడివారి పాలును మఱువక పేర్కొందురుగాక. మూడుమారులు పరీక్షకు గూర్చున్న బాలుని ఓటమిజూచి త్రోసివేయక, ప్రోత్సహించిన ధర్మసంస్థను దలంచుకొని, మనలో శక్తిగలవారు బీదవిద్యార్థులకు చేయూత నొసంగుదురుగాక. భీమవరపు బాలుని చరిత్రము మనకు నేర్పు పాఠ మిదియే.