మాంటేగు దొర గురించి కొంచెం

మాంటేగు–చెమ్స్‌ఫర్డు సంస్కరణలను బడిలో బట్టీపట్టిన మనలో, ఆ మాంటేగు యూదుడని ఎరిగినవారు తక్కువ. ఎడ్విన్ మాంటేగు 1879లో లండనులో ఒక యూదు బ్యాంకరు ఇంట జన్మించారు. 1917 జులైలో ఇండియా మంత్రి అయ్యారు.

పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరచాలని అప్పుడు బ్రిటిషు ప్రభుత్వం ఆలోచిస్తోంది. జియోనిస్టులు సంబరపడ్డారు. మంత్రుల్లో ఉన్న ఒకే ఒక్క యూదుడు మాత్రం గట్టిగా అడ్డుతగిలారు. వేరే దేశం చూపిస్తే, తరతరాలుగా ఇంగ్లండులోనూ ఇతర చోట్లా స్థిరపడ్డ యూదులను అక్కడివారు పరాయివాళ్లుగా చూస్తారని ఆయన భయం. పాలస్తీనాలో ఉన్న ముస్లిముల, క్రైస్తవుల గతేమిటని కూడా అడిగారు. ప్రవాస యూదులందరిదీ ఒకే మాట అనుకోవడం ఆనాడూ పొరపాటే.

ఆయన ఇండియాకు ప్రయాణంలో ఉండగానే నవంబరు 2న బాల్ఫోరు ప్రకటన వెలువడింది. అయితే యూదేతరుల హక్కులకు, ఇతర దేశాల యూదుల హక్కులకు భంగం రాకూడదన్న షరతులు అందులో చేరాయి. ఆయన పట్టుదల కొంత పనిచేసిందన్నమాట.

డిసెంబరులో మద్రాసు వచ్చినప్పుడు ఆంధ్ర నాయకులు ప్రత్యేక రాష్ట్రం కోరుతూ విన్నపం ఇచ్చారు. ఆ కోరిక నెరవేరడానికి 1952లో, మన నెల్లూరు జిల్లాకు తన పేరు మిగిల్చిన పొట్టి శ్రీరాములుగారు ప్రాణమే అర్పించవలసి వచ్చింది.

టర్కీపై రుద్దిన సంధిని మన ముస్లిములు సహించలేదు. దాన్ని సడలించాలన్న వైస్రాయి తంతిని, తోటి మంత్రులను అడగకుండానే ప్రచురణకు అనుమతించారు మాంటేగు. పై అనుమతి లేకుండా కాగితం బయటికి పోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా! 1922 మార్చిలో పదవి పోయింది. ఆ ఏడే ఎన్నికల్లోనూ ఓడిపోయారు. 1924 నవంబరులో, 45 ఏళ్లకే కన్నుమూశారు.